పగలు నిద్రపోయే ఇల్లు

బట్టీ దగ్గర పనిచేసేవాడికి సగం ఉద్యోగం నిద్రేనని మా ఆయన అనేవారు. చేతులతో చేసే సగానికి జీతం ఇస్తారు, కళ్ళు మూసుకొని చేసే సగానికి ఎవరూ ఏమీ ఇవ్వరు, కానీ అది చెడితే ఇదీ చెడుతుందని ఆయన లెక్క. ఎవరైనా "ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు" అని సామెత చెబితే ఆయనకు నచ్చేది కాదు. "ఆ మాట అన్నవాడు పగలు పడుకొని చూడలేదు" అనేవారు.

ఆయన రొట్టెలు కాల్చే మనిషి. ముప్పై ఏళ్ళు ఒకే బేకరీలో, ఒకే బట్టీ ముందు నిలబడ్డారు. పొడుగు, సన్నం. కుడివైపు కనుబొమ్మ ఎప్పుడూ సగమే ఉండేది. బట్టీ తలుపు తెరిచేటప్పుడు తల ఆ వైపుకు వంచి లోపలికి చూసే అలవాటు. మొలిచిన వెంట్రుక మొలిచినట్టే ఆ సెగకు మాడిపోయేది. ఎంత ఎండ కాస్తున్నా చొక్కా చేతులు మణికట్టు దాకా దించుకునే బయటికి వచ్చేవారు, కాలిన మచ్చలు నలుగురి కంటా పడకుండా.

ఆయన పోయి పదకొండు నెలలైంది. పలకరించడానికి వచ్చినవాళ్ళందరూ ఆయన రొట్టె గురించే చెప్పారు. పైన గోధుమరంగు, లోపల దూది అన్నారు. అది వాళ్ళు ఎరిగిన మనిషి. నేనెరిగిన మనిషి గురించి చెప్పాలంటే, ఈ నగరానికి కొత్తగా వచ్చినప్పుడు మేము ఇల్లు ఎలా వెతుక్కున్నామో చెప్పాలి.

అప్పటికి మా పెళ్ళయి ఎనిమిది నెలలు. ఆయనకు ఇరవై నాలుగు, నాకు పందొమ్మిది. అంతకుముందు ఆయన చేసింది చిన్న ఊళ్ళో, చిన్న బేకరీలో, పగటి పని. అది మూతపడింది. ఇక్కడి పెద్ద బేకరీలో రెండో మేస్త్రీగా తీసుకున్నారు. ఇక్కడ జనం పక్కలు ఎక్కాక పని మొదలై, ఉదయం ఎనిమిదింటికి ముగుస్తుంది. పిండి బస్తాలు పెట్టే గది మీద ఒక అటక ఉంది. ఒంటరిగా ఉండే పనివాళ్ళు నలుగురు పడుకోవచ్చు. ఆడవాళ్ళకు చోటు లేదు. అందుకని ఆయన అటక మీద, నేను నగరానికి ఆ చివర మా పిన్ని ఇంట్లో. ఒకే నగరంలో ఉండి వారానికొక్కసారి, బేకరీకి సెలవుండే ఆదివారం మాత్రమే చూసుకునేవాళ్ళం.

పిన్ని మంచిదే. కానీ ఆమెదీ ఒక గది, ఒక వంటిల్లు. నేను రావడంతో బాబాయి పక్క వంటింట్లోకి మారింది.

"నెలంటే నెలేనే తల్లీ" అంది పిన్ని, రెండో వారమే. "పొద్దున్నే మీ బాబాయి నడుం పట్టుకొని లేచి నన్నొక చూపు చూస్తాడు. ఆ చూపు నేను పడలేను."

"ఊరుకోవే, పిల్ల వింటుంది" అన్నాడు బాబాయి లోపలినుంచి.

"వినాలనే అంటున్నా. వినకపోతే దానికి ఇల్లెలా దొరుకుతుంది?"

నన్ను మా అమ్మ వసపిట్ట అనేది. నిద్రలో తప్ప నా నోరు మూతపడదని ఆమె ఫిర్యాదు. పెళ్ళిచూపుల్లో కూడా అడిగినదానికి ఒక ముక్క, అడగనిదానికి పది ముక్కలు చెప్పాను. అమ్మ కళ్ళెర్రజేసింది. ఆయన మాత్రం ఆ మాటలు విని ఒప్పుకున్నారట. రోజంతా మంట చప్పుడే వినే మనిషికి ఇంటికి రాగానే ఒక గొంతు వినపడాలని ఆయన కోరిక. ఈ సంగతి నాకు తర్వాత చెప్పారు.

ఇళ్ళు చూపించడానికి ఒక బ్రోకరు కుదిరాడు. ఎండైనా వానైనా చంకలో గొడుగు ఉండాల్సిందే, తెరవగా మాత్రం నేను చూడలేదు. మేము గొడుగాయన అనుకునేవాళ్ళం. ఆదివారం పొద్దున్నే వచ్చి మమ్మల్ని వీధులు తిప్పేవాడు.

ఇల్లు చూడ్డానికి వెళ్ళినవాళ్ళు కుళాయి తిప్పి చూస్తారు, పొయ్యి గట్టు చూస్తారు, గోడల్లో చెమ్మ ఉందేమోనని అరచెయ్యి ఆనిస్తారు. మా ఆయన ఇవేవీ చూసేవారు కాదు. మంచం ఎక్కడ పడుతుందో చూసుకొని, చెప్పులు విడిచి, వట్టి నేల మీద వెల్లకిలా పడుకొని, కళ్ళ మీద రుమాలు కప్పుకొని, చేతులు ఛాతీ మీద పెట్టుకునేవారు. పావుగంట. అంతసేపూ ఎవరూ మాట్లాడకూడదు.

మొదటి ఇంటావిడ అది చూసి హడలిపోయింది. "అయ్యో, ఏమైంది బాబూ, కళ్ళు తిరిగాయా?"

"ఏం లేదమ్మా. ఇల్లు చూస్తున్నాడు" అన్నాడు గొడుగాయన.

"కళ్ళు మూసుకొనా?"

పావుగంటకు ఆయన లేచి, "పై ఇంట్లో కుట్టుమిషను నడుస్తోంది" అని చెప్పులేసుకున్నారు. రెండో ఇంట్లో నీళ్ళ మోటారు సరిగ్గా తల దగ్గరి గోడకే ఉందన్నారు. మూడో ఇంట్లో ఏమీ అనకుండానే బయటికి నడిచారు. అలా రెండు ఆదివారాలు గడిచేసరికి గొడుగాయనకు ఓపిక చచ్చింది.

"బాబూ, నువ్వు అద్దెకు తీసుకునేది ఇల్లా, పరుపా?"

"పరుపు నాదే. దాన్ని వేసే చోటు చూపించండి చాలు" అన్నారు ఈయన.

మూడో ఆదివారం ఒక సందు చివర మేడ మీది గది చూపించాడు. కిటికీ తెరిస్తే ఎదురుగా పొడుగాటి ప్రహరీ గోడ, దాని అవతల మైదానం, రెండు పెద్ద చెట్లు. చీమ చిటుక్కుమంటే వినపడుతుందన్నంత నిశ్శబ్దం. ఆయన పడుకున్నారు. పావుగంట అయింది, అరగంట అయింది. గొడుగాయన గుమ్మంలో చతికిలబడి ఆవలించాడు. మా ఆయన నోరు తెరుచుకొని నిజంగానే నిద్రపోతున్నారు. నేను కిటికీ దగ్గర నిలబడి, "గోడ అవతల ఏముంది?" అని మెల్లగా అడిగాను.

"ఖాళీ జాగా తల్లీ. గాలి బ్రహ్మాండంగా వస్తుంది."

అతను అబద్ధం చెప్పలేదు. ఆ రోజు అది ఖాళీ జాగానే. సెలవు రోజున మాత్రమే ఇళ్ళు చూసే మాకు, మిగతా ఆరు రోజులు కూడా ఆ గోడ అక్కడే ఉంటుందని తోచలేదు.

ఆ ఇంట్లో దిగాక మొదటి సోమవారం ఉదయం ఆయన పనినుంచి వచ్చి, స్నానం చేసి, ఇంత తిని, సొంత ఇంట్లో సొంత పక్క మీద పడుకున్నారు. తొమ్మిదింటికి గోడ అవతల ఇనుప గంట మోగింది. ఆ వెంటనే వందల గొంతులు. అది ఒక పెద్ద బడి వెనకభాగం. గేటూ బోర్డూ అవతలి వీధిలో ఉన్నాయి.

మొదటి రోజు ఆయన నవ్వారు. "పోనీలే, పదమూడో ఎక్కం నాకు ఎప్పుడూ రాలేదు. ఇప్పుడు ఉచితంగా నేర్పుతున్నారు" అన్నారు. వారం తిరిగేసరికి ఆ నవ్వు లేదు. చెవుల్లో దూది పెట్టుకున్నారు. తలకు తడిగుడ్డ చుట్టుకున్నారు. మంచం కింద పడుకొని చూశారు. కిటికీకి నేను బొంత వేలాడదీశాను, గది పొయ్యిలా కాగింది తప్ప గంట ఆగలేదు. గంటకూ గంటకూ మధ్య పిల్లలు సద్దుమణిగేవాళ్ళు. అప్పుడే ఆయన కళ్ళు మూతపడేవి. మళ్ళీ గంట. నిద్ర లేకపోవడం కంటే ముక్కలు ముక్కలుగా రావడం అధ్వాన్నం. మనిషి పగలంతా కాలుతున్న బట్టీలా తయారయ్యారు, కళ్ళు ఎర్రగా, మాట పొడిగా.

నాలుగో వారం పిండిలో ఉప్పు మరిచిపోయారు. ఉప్పు పడని పిండి తొందరగా పొంగుతుంది, కాల్చినా పైన రంగు తిరగదు, పాలిపోయి ఉంటుంది. మామూలుగా అయితే మొదటి పళ్ళెం బయటికి రాగానే ఆయన పట్టుకోవాలి. ఆ రోజు చూస్తూ కూడా చూడలేదు. ఆ రొట్టె కొట్లకు వెళ్ళింది, ఆసుపత్రికి వెళ్ళింది, పది కొట్టేసరికి తిరిగొచ్చింది.

ఆ ఆదివారం బేకరీ పెద్దమేస్త్రీ మా ఇంటికి వచ్చాడు. యాభై దాటిన మనిషి. కుర్చీ వేస్తే కూర్చోకుండా గుమ్మం మీదే కూర్చున్నాడు.

"ఉప్పు మరిస్తే తిట్టి ఊరుకుంటారు. రేపు బట్టీలో చెయ్యి పెట్టి మరిచిపోతే ఏం చేస్తావురా?" అన్నాడు ఆయనతో. తర్వాత నా వైపు తిరిగాడు. "అమ్మాయ్, ఏమీ అనుకోకు. అటక మీద వీడి చోటు ఇంకా ఖాళీగానే ఉంది. కింద అన్నీ పిండి బస్తాలు, పిల్లి నడిచినా వినపడదు. నువ్వు మీ ఊరెళ్ళి అమ్మ దగ్గర ఉండు. ఓ రెండేళ్ళు."

"రెండేళ్ళా?" అన్నాను.

"మా ఆవిడ తొమ్మిదేళ్ళు ఉంది."

"ఇప్పుడో?"

"ఇప్పుడు ఇక్కడే ఉంది. ఒకే ఇంట్లో ఉంటున్నాం. ఏం మాట్లాడుకోవాలో ఇద్దరికీ తెలీదు." అలా అని లేచి దుమ్ము దులుపుకున్నాడు. తన మాటకు తానే అడ్డం వచ్చానని అతను అనుకోలేదు.

పెద్దమేస్త్రీ వెళ్ళిపోయాడు. అతను సందు దాటాక మా ఆయన అన్నారు: "నెలాఖరు దాకా చూద్దాం. అప్పటికీ నిద్ర పట్టకపోతే నిన్ను ఊళ్ళో దింపి వస్తాను. మూడు నెలలకోసారి సెలవు పెట్టుకుంటా." మా ఊరు ఇక్కడికి ఒక పగలూ ఒక రాత్రీ రైలు ప్రయాణం. నెలాఖరుకు పదహారు రోజులుంది.

మర్నాడు ఆయన చెవుల్లో దూది పెట్టుకొని పక్క ఎక్కాక, పిన్నిని చూసొస్తానని చెప్పి బయటపడ్డాను. అంతకుముందు నేను ఒక్కదాన్నే వీధి చివర దాటలేదు. చదువు మూడో తరగతి. అక్షరం అక్షరం కూడబలుక్కుంటే 'అద్దెకు' అన్న బోర్డు చదవగలను, అది చాలనుకున్నాను. ఆయన పద్ధతే నా పద్ధతి. కానీ ఆదివారం కాదు, పనిరోజు, మిట్టమధ్యాహ్నం.

ఆడపిల్ల ముక్కూ మొహం తెలియని ఇంట్లో నేల మీద పడుకోవడం ఎలా ఉంటుందో చెప్పలేను. మొదటి ఇంట్లో సిగ్గుతో చచ్చాను. ఆ ఇంటావిడ నీళ్ళ గ్లాసు తెచ్చి, "ఎన్నో నెలమ్మా?" అంది.

"అదేం లేదండీ. చప్పుడు వింటున్నాను."

ఆమె రెండడుగులు వెనక్కి వేసి లోపలికి కేకేసింది. "ఏమండీ, ఒకసారి ఇటు రండి. ఈ పిల్ల నేల మీద పడుకొని ఏదో వింటోందట."

ఆరు రోజుల్లో పదకొండు గదుల్లో పడుకున్నాను. ఒకచోట రేకులు కత్తిరించేవాళ్ళు. ఒకచోట పక్కనే పిండిమర, నేలంతా సన్నగా వణికింది. ఇంకోచోట అంతా బాగుందనుకొని లేవబోతుంటే పైనుంచి ముసలాయన దగ్గు మొదలైంది, అరగంటైనా తెరిపివ్వలేదు, ఆయన్ని తప్పుపట్టడానికేముంది. మధ్యాహ్నం పూట నగరం ఎంత చప్పుడు చేస్తుందో నిలబడితే తెలియదు, చెవి నేలకు ఆనితే తెలుస్తుంది. రోజూ సాయంత్రం ఇంటికెళ్ళి పిన్ని కబుర్లు కల్పించి చెప్పేదాన్ని. ఆయన వింటూ వింటూ కళ్ళు తెరిచే కునుకు తీసేవారు.

ఆదివారం ఇంట్లోనే ఉన్నాను. సోమవారం కాళ్ళు పీకి, ఒక కొట్టు అరుగు మీద కూలబడ్డాను. పొద్దున పది దాటింది. తెల్లబట్టల్లో ఒక నర్సు వచ్చి సబ్బూ అగ్గిపెట్టే కొంటోంది. నాకంటే పదేళ్ళు పెద్దది. చిల్లర అందుకోవడానికి తిరిగినప్పుడు కళ్ళు చూశాను. అవి మా ఆయన కళ్ళే. అంత ఎరుపు కాదు, కానీ ఆ బరువు అదే. వెంటనే లేచాను.

"అక్కా, మీరు పగలు ఎక్కడ పడుకుంటారు?"

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "ఎవరైనా ఎక్కడుంటారని అడుగుతారు. నువ్వేంటి, ఎక్కడ పడుకుంటారంటావు?"

బట్టీ, బడి, ఉప్పు, అటక, పెద్దమేస్త్రీ భార్య, నెలాఖరు, అన్నీ ఒక్క గుక్కలో చెప్పేశాను.

"ముందు ఊపిరి పీల్చుకో" అంది నర్సు. కాసేపు ఆలోచించింది. "మీ ఆయనకు సరిపడే ఇల్లొకటి ఉంది. నీకు సరిపడుతుందో లేదో మాత్రం..." అని నా నోటి వైపు చూసి ఆగిపోయింది.

రెండు వీధుల అవతల పాత రెండంతస్తుల ఇల్లు. గేటు దగ్గరే నర్సు చెప్పులు తీసి చేత్తో పట్టుకుంది. నేనూ తీశాను. గేటు కీలు నుంచి నూనె కారుతోంది, గడియకు గుడ్డ చుట్టి ఉంది. లోపల అద్దెకిచ్చే గదులు ఐదు. ఒకదాంట్లో నర్సక్క. ఒకదాంట్లో పత్రిక అచ్చువేసే ప్రెస్సులో పనిచేసే ఆయన. మేడ మీద చెరో గదిలో రైల్వే సిగ్నల్ దగ్గర రాత్రి డ్యూటీ చేసే అన్నదమ్ములు. ఒకటి ఖాళీ. ఆ ఇంట్లో అందరూ రాత్రి పనివాళ్ళే. ఇంటి పెద్దావిడ భర్త కూడా మిల్లులో రాత్రి కాపలా ఉండేవాడట. ఆయన నిద్ర కోసం ఇల్లంతా అలా అమర్చుకుంది. ఆయన పోయాక, ఆ అమరిక చెడగొట్టడం ఇష్టంలేక ఇలాంటివాళ్ళకే అద్దెకిస్తోంది.

పెద్దావిడ వసారాలో గుడ్డ పరిచి గింజలు ఏరుతోంది. ఏరిన గింజ కూడా గుడ్డ మీదే పడుతోంది. నన్ను కూర్చోమని సైగ చేసి, గొంతు లేకుండా గాలితో మాట్లాడింది.

"మీ ఆయన ఎలాంటివాడని నేనడగను. పడుకున్నాక ఎవడైనా ఒకటే. మేలుకొని ఉండేది నువ్వు. తొమ్మిది నుంచి నాలుగు దాకా ఈ ఇంట్లో చప్పుడు లేకుండా ఉండగలవా?"

"ఉండగలనండీ."

"అందరూ అదే అంటారు. రేపు తొమ్మిదికి రా. ఆ ఖాళీ గదిలో నాలుగు దాకా ఉండు. వంట చేసుకో, గిన్నెలు తోము, బట్టలుతుకు. నాకు వినపడకూడదు. పోయినసారి వచ్చిన అమ్మాయి పదకొండింటికే ఏడుస్తూ వెళ్ళిపోయింది."

"ఎవరైనా ఏమన్నా అన్నారా?"

"ఎవరూ ఏమీ అనలేదనే ఏడ్చింది."

మర్నాడు వెళ్ళాను. పెద్దావిడ రెండు గిన్నెలు, ఒక పళ్ళెం, గిన్నెల కింద పెట్టడానికి గుడ్డతో చుట్టిన కుదుళ్ళు ఇచ్చి వెళ్ళిపోయింది. చప్పుడు లేకుండా పనిచేయడం కొత్తగా పని నేర్చుకోవడమే. నీళ్ళు బకెట్లోకి పోయకూడదు, బకెట్ గోడ వెంట జారవిడవాలి. బట్ట బాదకూడదు, పిసకాలి. గిన్నెలు తోమేటప్పుడు అడుగున తడిగుడ్డ ఉండాలి. ఇవన్నీ చేతులు నేర్చుకున్నాయి. నోరే నేర్చుకోలేదు. మాటలు నాలుక మీద చీమల్లా పాకాయి. రెండున్నరకు పళ్ళెం చేజారింది.

అది గచ్చు మీద పడి, గుండ్రంగా తిరిగి, ఇక ఆగదేమో అన్నంతసేపు మోగింది. నాలుగు తలుపులు తెరుచుకున్నాయి. జుట్టు రేగిన నాలుగు మొహాలు నన్ను చూసి, ఒక్క మాటా అనకుండా మళ్ళీ తలుపులు వేసుకున్నాయి. తిట్టినా బాగుండేది. నా పని అయిపోయిందనుకొని చెప్పులు చేతబట్టుకొని గేటు దాకా వెళ్ళాను. పెద్దావిడ వెనకే వచ్చింది.

"రేపు మళ్ళీ రా."

"రేపు కూడానా?"

"పళ్ళెం ఎవరికైనా జారుతుంది. జారాక నువ్వు అయ్యో అని కూడా అనలేదు. అది చూశాను."

రెండో రోజు ఏదీ జారలేదు. నాలుగు కాగానే పెద్దావిడ వసారాలోంచి గొంతెత్తి, "టీ ఎవరెవరికి?" అని కేకేసింది. ఆ ముసలి గొంతులో అంత బలం ఉందని అనుకోలేదు. ఒక్కసారిగా కుళాయిలు తెరుచుకున్నాయి, రేడియో మోగింది, మేడ మీద అన్నదమ్ములు చొక్కా కోసం పోట్లాడుకున్నారు, నర్సక్క రోకలితో దేన్నో దంచడం మొదలుపెట్టింది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

మరుసటి ఉదయం ఆయన్ని బేకరీ నుంచి నేరుగా అక్కడికే తీసుకెళ్ళాను. గేటు దగ్గర పెద్దావిడ ఆయనతో ఏదో గుసగుసలాడింది. ఆయన నా వంక చూశారు. తర్వాత అలవాటు ప్రకారం వట్టి నేల మీద పడుకొని, రుమాలు కప్పుకున్నారు. నేను గోడకు ఆనుకొని కూర్చున్నాను. ఆరు గంటలు ఒక్క పక్కకైనా ఒత్తిగిల్లలేదు. మూడింటికి ఉలిక్కిపడి లేచి, "ఇవాళ బడి లేదా?" అన్నారు. ఎక్కడున్నారో గుర్తొచ్చాక మొహం గట్టిపడింది.

"ఇక్కడొద్దు" అన్నారు.

నాలుగయ్యేదాకా గుసగుసల్లోనే పోట్లాడుకున్నాం. అలా పోట్లాడటం చాలా కష్టం, కోపం సగం గొంతులోనే ఉండిపోతుంది.

"ఎందుకొద్దు? నిద్ర పట్టలేదా?"

"పట్టింది. రెండు రోజులు నువ్విక్కడ ఏం చేశావో పెద్దావిడ చెప్పింది. నేను పడుకోవడానికి నిన్ను మూగదాన్ని చేయాలా? నేనా పని చేయను."

"సరే. ఊళ్ళో మా అమ్మ దగ్గర కూర్చొని పొద్దస్తమానం మాట్లాడతాను. మీకు అటక మీదికి వినపడుతుందా?"

ఆయన రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నారు.

"ఇక్కడైతే ఏడు గంటలు నోరు మూసుకోవాలి. అక్కడైతే మూడు నెలలు."

"ఒక్కరోజు ఏడు గంటలు కాదే. రోజూ. ఏళ్ళ తరబడి. నీకు లెక్క తెలీడం లేదు."

"పదమూడో ఎక్కం వచ్చిన మొనగాడు మీరు, కట్టండి లెక్క."

ఆయన పైకే నవ్వేశారు. వసారాలోంచి 'ష్' అని వినపడింది. ఇద్దరం నోళ్ళకు చేతులు అడ్డం పెట్టుకున్నాం. కాసేపయ్యాక ఆయన ఒక షరతు పెట్టారు. రోజూ నాలుగింటికి లేవగానే ఇద్దరం బయటికి వెళ్ళాలి. చీకటి పడేదాకా నేను మాట్లాడాలి, ఆయన వినాలి. ఆ సమయంలో వేరే పని పెట్టుకోకూడదు, స్నేహితులు పిలిచినా సరే. నేను ఒప్పుకున్నాను. నెలాఖరుకు నాలుగు రోజులుండగా మా పరుపు ఆ గదిలోకి వచ్చింది.

రెండేళ్ళు ఉందామనుకున్నాం. ముప్పై ఏళ్ళు ఉన్నాం. పిల్లలు పుడితే మారిపోవాలనుకున్నాం, ఆ అవసరం రాలేదు. ఆయన షరతు ఒక్కరోజు కూడా తప్పలేదు. రైలు వంతెన దాకా నడిచేవాళ్ళం, వానొస్తే మెట్ల మీద కూర్చునేవాళ్ళం. జ్వరంతో ఉన్నప్పుడు కూడా గోడకు చేరగిలబడి, "ఊఁ, చెప్పు" అనేవారు. కొన్ని రోజులు నా దగ్గర చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. "నిన్నటిదే చెప్పు" అనేవారు. బేకరీలో కొత్తగా చేరినవాళ్ళు ఇల్లు వెతుక్కుంటుంటే, "సోమవారం చూడండయ్యా" అని చెప్పేవారు. ఆ మాట ఇప్పటికీ అక్కడ వాడుకలో ఉందట.

అయితే ఆయన కట్టిన లెక్క తప్పు కాదు. నాకు తెలియకుండానే, నాలుగు తర్వాత కూడా నా గొంతు పైకి రావడం మానేసింది. ఒకసారి మా చెల్లెలు వచ్చి రెండు రోజులుండి, వెళ్ళేటప్పుడు, "వసపిట్ట ఏమైపోయిందే?" అంది. ఆయన విన్నారు. నలభై దాటాక మూడుసార్లు వేరే ఇళ్ళు చూసొచ్చారు. నేనే వద్దన్నాను. ఒక సాయంత్రం వంతెన మీద అడిగారు: "ఆ ఇల్లు తీసుకోవడం తప్పు చేశామా?"

"కొన్ని రోజులు తప్పే అనిపించింది" అన్నాను. ఆయనకు అబద్ధం చెప్పే అలవాటు లేదు నాకు, ఇల్లు వెతికిన ఆ కొద్ది రోజులు తప్ప.

"ఎన్ని రోజులు?"

"లెక్కపెట్టలేదు. మీరు అటక మీదికి వెళ్ళి ఉంటే లెక్కపెట్టేదాన్ని."

ఆయన పిట్టగోడకు ఆనుకొని, రైలు పోయేదాకా చూశారు. తర్వాత, "సరే, మొన్న ప్రెస్సాయన కూతురి సంగతి సగంలో ఆపావు" అన్నారు.

పోయిన ఏడాది ఒక గురువారం. ఎప్పటిలాగే ఎనిమిదిన్నరకు వచ్చారు. స్నానం చేశారు, తిన్నారు. భుజం లాగుతోందన్నారు, పిండి ఎత్తిన భుజమే కదా అనుకున్నాం. పడుకున్నారు. ఒంటిగంటకు మొహం మీద ఎండ పడుతుందని కర్టెన్ జరపడానికి వెళ్ళాను. ఆయన నిద్ర ముప్పై ఏళ్ళు చూసినదాన్ని. గుమ్మంలోనే తెలిసింది, అది నిద్ర కాదని. చెయ్యి పట్టుకున్నాను, చల్లగా ఉంది. డాక్టరు వచ్చి చేసేదేమీ లేదని ఆ చెయ్యే చెప్పింది.

అరుపు గొంతు దాకా వచ్చి అక్కడే నిలిచిపోయింది. పక్క గదిలో నర్సక్క, మేడ మీద సిగ్నలాయన, అవతలి గదిలో కొత్తగా వచ్చిన ఇద్దరు, అందరూ పడుకొని ఉన్నారు. వాళ్ళను లేపకూడదని ఆలోచించి ఆగానని చెప్పలేను. లేపడం చేతకాలేదు, అంతే. ఆయన పక్కన కూర్చున్నాను. ఎండ గోడ మీద జరిగింది. వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. నేను ఆయన కనుబొమ్మ చూస్తూ ఉన్నాను.

నాలుగైంది. పెరట్లో కుళాయి తెరిచిన చప్పుడయింది. లేచి వెళ్ళి నర్సక్క తలుపు కొట్టాను. ఆ ఇంట్లో నేను తలుపు కొట్టడం అదే మొదటిసారి. ఆమె వచ్చింది, చూసింది, ఆయన మెడ మీద వేళ్ళు పెట్టింది.

"ఎప్పుడు?"

"ఒంటిగంటకు."

"మూడు గంటలు ఒక్కదానివే కూర్చున్నావా?" ఆమె నా రెండు భుజాలూ పట్టుకొని ఊపింది. "పిచ్చిదానా, ఎందుకు లేపలేదు?"

"మీరు రాత్రి డ్యూటీకి వెళ్ళాలి కదా అక్కా" అన్నాను.

ఆమె రిటైరై అప్పటికి నాలుగేళ్ళు.